పెరటిగోడ, పెరిగిన వయసు

మా పెరటిలో పడమటివైపున, పది అడుగుల యెత్తును ఇరువదినాలుగడుగుల వెడల్పును గలిగి, పైకప్పుగాని కిటికీగాని లేక, ఏ గదికిని ఆనుకొనక ఒంటరిగా నిలిచియున్న గోడనొకదానిని చూచి, కిందటి వేసవిలో వచ్చిన బంధువులలో కొందరు అది సొమ్ము చాలక మధ్యలో నిలిచిపోయిన వాటా యని జాలిపడిరి. కొందరు పొరుగువారితో సరిహద్దు తగవేదో వచ్చియుండునని తలచి మా యింటిదానిని మెల్లగా ఆరా తీసిరి. అది టెన్నిస్ బంతి కొట్టుకొనుటకు కట్టించితినని నేను చెప్పినప్పుడు మాత్రము నమ్మినవారు లేరు. “ఈ వయసులోనా?” అని పైకి అనినవారు ఇద్దరే గాని, ఆ ప్రశ్న తక్కినవారి కన్నులలోనూ కనబడకపోలేదు. అరువదియెనిమిదేండ్లు నిండినవాడు ఆడుటయే వింత. అందునను గోడతో ఆడుట మరింత వింత. ఆ గోడను పెండ్లిసంబంధము వెదకినంత శ్రద్ధగా వెదకి కట్టించుట మతి చలించుటకు మొదటి మెట్టని వారి యభిప్రాయము కాబోలు. ఆనాడు కాఫీ గ్లాసుల నడుమ వారికి సరియైన సమాధానము చెప్పుట కుదరలేదు గనుక ఇక్కడ చెప్పుచున్నాను.

మొదట గోడ యెందుకు కావలసివచ్చినదో చెప్పవలెను. మేము నలుగురము ఇరువది సంవత్సరములు వారమునకు నాలుగు దినములు తెల్లవారుజామున కలిసి ఆడితిమి. డబుల్స్ ఆటకు నలుగురు కావలెను. (నలుగురు కావలసిన ప్రయాణము మరియొకటి కలదు గాని దాని ప్రస్తావన ఇక్కడ అనవసరము.) మాలో ఒకరికి రెండు మోకాళ్లును మార్చిరి. ఒకరు మనుమలను చూచుకొనుటకై డల్లాసుకు పోయి, అక్కడినుండి ఫోనులో ఆట విశేషములడుగుచుందురు. మూడవవారు బంతి ఎక్కడ పడినదో తెలియుటలేదని చెప్పి, ఒకనాడు రాకెట్టును సంచిలో పెట్టి మరల తీయలేదు. కోర్టున్నది, రాకెట్టున్నది, కొంత ఓపికయు ఉన్నది; ఎదుట నిలుచు మనుష్యుడు లేడు. వార్ధకములో ఆట మానుటకు శరీరమే కారణమని లోకమనుకొనును గాని, నా యెరుకలో సగముమంది ఆట మానినది జోడు దొరకకనే.

గోడతో నా పరిచయము కొత్తది కాదు. నేను బడిలో చదువుకొను దినములలో మా ఊరి ఆఫీసర్ల క్లబ్బులో రెండు కోర్టులుండెడివి. మట్టిని దిమ్మిసకొట్టి, పైన పేడనీళ్లతో అలికి, ఆరిన తరువాత సున్నముతో గీతలు దిద్దెడివారు. దక్షిణాదిని ఆనాటి ప్లీడర్లును డాక్టర్లును తహశీల్దారులును ఆడిన కోర్టులలో అనేకము అట్టివే. కోర్టు అలుకుట, నెట్టు కట్టుట, జోడు తక్కువైన పెద్దమనుష్యులతో ఆడుట — ఈ మూడు పనులును చేయు ఉద్యోగిని మార్కరనెడివారు. జీతము తక్కువ, ఆట ఎక్కువ. ఉద్యోగుల పిల్లలము మేము కోర్టు మీద కాలుపెట్టుటకు ముందు, క్లబ్బు సామానుగది వెనుకగోడ దగ్గర ఆయన యెదుట నెల దినములు బంతి కొట్టి మెప్పించవలెను. గోడ మీద బొగ్గుతో మోకాలికి పైగా ఒక గీత గీసి, తాను ప్రక్కనే గోనెసంచి మీద కూర్చుండి బీడీ కాల్చుకొనుచు, “బంతి రెండు గెంతులేసినా పర్లేదు బాబూ, నీ కాలు మాత్రం ముందుకి పడాలి” అని పదేపదే చెప్పుచుండెడివాడు. ఒక గెంతులో కొట్టుటే పౌరుషమనుకొను వయసు మాది. ఆ మాట మాకెవ్వరికిని రుచించెడిది కాదు. అరువదేండ్లు దాటిన తరువాత గాని దానిలోని విద్య నాకు బోధపడలేదు.

టెన్నిస్ చరిత్రలో గోడకు గొప్ప స్థానమే యున్నది గాని ఆ కథలన్నియు బాల్యపు కథలు. స్వీడన్ దేశములో సోడర్‌టాల్యె అను పట్టణమున, తండ్రి టేబుల్ టెన్నిస్ పోటీలో గెలిచి తెచ్చిన రాకెట్టును పట్టుకొని, ఇంటి కారుషెడ్డు తలుపునకు గంటలతరబడి బంతి కొట్టిన పిల్లవాడు బియాన్ బోర్గ్. 1976 మొదలు 1980 వరకు వరుసగా ఐదు వింబుల్డన్‌లు గెలిచినాడు. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రమందలి బారెల్లన్ అను చిన్న ఊరిలో, ఆదివాసి కుటుంబమున పెరిగి, పండ్లపెట్టె చెక్కను రాకెట్టుగా చేసికొని గోడకు బంతి కొట్టుకొన్న బాలిక ఇవాన్ గూలగాంగ్. 1971లో వింబుల్డన్ గెలిచి, తల్లియైన తరువాత 1980లో మరల గెలిచినది. ఈ కథలు వినుటకు ఇంపుగా నుండును, పిల్లలకు చెప్పుటకు పనికివచ్చును. అయితే ఎనిమిదేండ్ల పిల్లవానికి గోడ చేసిన మేలు అరువదియెనిమిదేండ్లవానికి కూడ అదే రీతిని చేయునని తలచుట పొరపాటు. ఆ పొరపాటు నేను చేసితిని. దాని ఫలము నా కుడిమోచేయి ఎనిమిది నెలలు అనుభవించినది.

సంగతి యేమనగా, గోడ కనబడినంత సాధువు కాదు. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. ఇద్దరు వయసు మీరినవారు వెనుకగీతల దగ్గర నిలిచి నెమ్మదిగా ఆడుకొనునప్పుడు, నేను కొట్టిన బంతి అవతలికి పోయి, నేలకు తగిలి, వారు కొట్టగా తిరిగి నా దగ్గరకు వచ్చులోపల మూడు సెకన్లకు పైగా పట్టును. ఆ మూడు సెకన్లలో ఊపిరి తీసికొందును, కాలు సవరించుకొందును, అవసరమైనచో ఎదుటివాని కొట్టుడు గూర్చి ఒక మాట కూడ అందును. గోడకు ఇరువది అడుగుల దూరమున నిలిచి కొట్టినప్పుడు ఒకటిన్నర సెకను కూడ దొరకదు. చేతిగడియారము పెట్టుకొని లెక్కించి చూచితిని: నిమిషమునకు నలుబదికి పైగా దెబ్బలు. పది నిమిషములలో నాలుగువందలు. మా డబుల్స్‌లో ఒక పూర్తి సెట్టులో నా వంతుకు వచ్చు దెబ్బలు ఇందులో సగము కూడ ఉండవు. మనుష్యుడు అలసిపోవును, బంతి నెట్టుకు తగిలించును, తువాలుతో మొగము తుడుచుకొనును. గోడ ఇవి యేవియు చేయదు. ఎంత బలముగా కొట్టినచో అంత తొందరగా తిరిగి ఇచ్చును. అనగా మన ఉత్సాహమునకు మననే శిక్షించును.

తొందరలో దెబ్బ ఆలస్యమగును. బంతి శరీరమును దాటిపోవుచుండగా, అడుగు వేయుటకు వ్యవధి లేక, భుజము త్రిప్పుటకు వ్యవధి లేక, మణికట్టుతో మాత్రము బ్యాక్‌హ్యాండ్ లాగి కొట్టుదుము. మణికట్టును వెనుకకు వంచు కండరముల స్నాయువులు మోచేతి వెలుపలి యెముక దగ్గర కలియును. భుజమును నడుమును మోయవలసిన భారము ఆ వ్రేలెడు స్థలము మీద పడును. ఒకసారి పడినచో ఏమియు కాదు. నాలుగువందలసార్లు, అదియు ప్రతిదినము పడినచో, ఒక ఉదయమున పాలగిన్నె ఎత్తబోగా చేయి చురుక్కుమని గిన్నె జారిపోవును. నాకు జరిగినది సరిగా అదియే. దానికి వైద్యులు పెట్టిన పేరు టెన్నిస్ ఎల్బో. చపాతీలు వత్తు గృహిణులకును గోడలకు రంగు వేయువారికిని కూడ వచ్చుననియు, వారెవ్వరును టెన్నిస్ ఆడియుండరనియు నాకు చికిత్స చేసిన డాక్టరుగారు నవ్వుచు చెప్పిరి.

కనుక వయసు మళ్లినవాడు గోడనెంచుకొనునప్పుడు అడుగవలసినది అది ఎంత గట్టిగా బంతిని వెనుకకు కొట్టునని కాదు. నాకు ఎంత వ్యవధి ఇచ్చునని. ఈ ఒక్క ప్రశ్నను పట్టుకొని పోయినచో తక్కిన ప్రశ్నలు తమంతట తామే విడిపోవును.

నేను మాత్రము ముందు తప్పుదారులన్నియు త్రొక్కి తరువాత ఈ దారికి వచ్చితిని. మొదటి ప్రయోగము మా ప్రహరీగోడ మీద. అది ఐదడుగుల యెత్తు, నాలుగున్నర అంగుళముల ఒంటి ఇటుక గోడ. మూడవ బంతియే అవతలికి దాటిపోయెను. మా పొరుగింటి పిన్నిగారు (వయసులో నాకంటె పెద్దవారు కారు గాని ఊరంతయు ఆమెను అట్లే పిలుచును) మంచము మీద గుమ్మడివడియములు పెట్టుకొనియుండిరి. కొంతసేపటికి గోడపైనుండి చేయి మాత్రము కనబడెను, చేతిలో బంతి. “అన్నయ్యగారూ, ఇదిగోనండి మీ బంతి. వడియాలు ఓ నాలుగు పోయాయి, ఫర్వాలేదు లెండి. మా చేట కూడా పడిపోయిందండి మేకుమీంచి. గోడ దడదడలాడుతోంది, కాస్త చూసుకోండి.” నాలుగున్నర అంగుళముల గోడ బంతి దెబ్బకు ఎంత అదురునో నాకు తెలిపినది ఆ చేటయే. నాలుగు వారములు గడువక మునుపే ప్లాస్టరింగు పెచ్చులుగా ఊడనారంభించినది. గోడ వడి తగ్గించుటకు బదులు బంతిని వంకరగా పంపుచుండెను; ఎక్కడ బోలుపడినదో అక్కడ తగిలిన బంతి చచ్చి కాళ్లదగ్గర పడును, ఎక్కడ గట్టిగా నున్నదో అక్కడ తగిలినది మొగము మీదికి వచ్చును.

రెండవ ప్రయోగము వల. ఇనుపగొట్టముల చట్రమునకు రబ్బరుత్రాళ్లతో బిగించిన వలను ఒక దుకాణమునుండి తెప్పించితిని. సిద్ధాంతరీత్యా నావంటివానికి ఇంతకంటె మంచిది లేదు: వల బంతిని కొంతసేపు పట్టుకొని విడుచును గనుక బంతి మెల్లగా వచ్చును; చట్రమును వెనుకకు వాల్చినచో ఎత్తుగా వచ్చును; చప్పుడు లేదు; పని కాగానే మడిచి గోడకు చేరవేయవచ్చును. అద్దెయిండ్లలో నుండువారికిని చిన్న పెరళ్లవారికిని ఇప్పటికిని దానినే చెప్పుదును. నాకు వచ్చినదానిలోని రబ్బరు మాత్రము మా చైత్రవైశాఖములను ఎరుగదు. ఒక్క వేసవి యెండకు త్రాళ్లు మెత్తబడి, పగిలి, వల దోమతెరవలె వ్రేలాడినది. ఆ దుకాణమువారు మార్చి యిచ్చుటకు ఒప్పుకొనలేదు. వలను కొనువారు దానిని నీడలో దాచుకొనవలెనని నా అనుభవము.

విదేశములలో పలుచోట్ల కనబడు ఫైబరు పలకలు, కొద్దిగా లోపలికి వంగినట్టు పోతపోసినవి, బంతిని పైకి లేపి మెల్లగా పంపును. బాగుండును గాని తెప్పించుటకు అగు ఖర్చును తలచికొని ఆ యాలోచన మానుకొంటిని. ప్లైవుడ్ పలకల మాట చెప్పనక్కరలేదు. మన వానలకు ఉబ్బును, చెదలకు విందగును, అన్నిటికి మించి డప్పువలె మ్రోగును. పొరుగువారితో స్నేహము కావలెననుకొనువాడు దానిజోలికి పోరాదు.

కడపట ఇటుకకే వచ్చితిని. తొమ్మిది అంగుళముల గోడ, నడుమ రెండు కాంక్రీటు బెల్టులు, పన్నెండడుగులకొక పిల్లరు. ప్రహరీకి మూడడుగులు ఇవతలగా కట్టించితిని. మా మేస్త్రీ ముప్పది యేండ్లుగా ఇండ్లు కట్టుచున్న పనివాడు. తూకపుగుండు వ్రేలాడదీసి, ఒక కన్ను మూసి చూచి, నూలుపోగంత తేడా వచ్చినను ఇటుక తీసి మరల పెట్టును. అట్టివానిని పిలిచి, గోడ నిట్టనిలువుగా వద్దు, పైకి పోవుకొలది వెనుకకు కొంచెము వాలవలెను, పది అడుగులకు నాలుగంగుళములు చాలును అని చెప్పితిని. ఆయన తాపీ క్రింద పెట్టెను. “బాబుగారూ, వాలిన గోడ కట్టానంటే రేపు ఈ ఊళ్లో నాకు పని ఎవరిస్తారండీ? చూసినోళ్లు మేస్త్రీకి గుండు పట్టడం రాదంటారు.” ఆయన బాధలో న్యాయమున్నది. ఒకని జీవితకాలపు విద్య నిట్టనిలువుగా కట్టుట. ఆ విద్యను విడిచి నా మోచేయి కొరకు వాల్చి కట్టుమనుట చిన్న కోరిక కాదు. తుదకు ఒక ఉపాయము తోచినది. గోడను ఆయన కోరినట్టు నిట్టనిలువుగానే కట్టి, ఇవతలిముఖమునకు ప్లాస్టరింగు అడుగున మందముగాను పైకి పోవుకొలది పలుచగాను వేయుట. రెండంగుళముల వాలు మాత్రమే దొరకునది, అదియైనను చాలును. వెనుకనుండి చూచినవానికి గోడ నిటారు, ముందునుండి చూచినవానికి ఏమియు తెలియదు. మేస్త్రీ ప్రతిష్ఠయు నా మోచేయియు రెండును దక్కినవి. వాలిన గోడకు తగిలిన బంతి కొంచెము పైకి లేచి, దూరముగా పడి, నిదానముగా వచ్చును. మనకు మిగులునది రెప్పపాటు కాలమే గాని అడుగు ముందుకు పడుటకు ఆ రెప్పపాటే కావలసినది.

ప్లాస్టరింగు నునుపుగా చేయించితిని. గరుకుగోడ బంతి మీది ఉన్నిని పది దినములలో తినివేయును. సున్నము వేయించలేదు, బంతికి అంటుకొని నా చొక్కాలకెక్కును. ముదురాకుపచ్చ రంగు వేసి, నేలనుండి మూడడుగుల యెత్తున తెల్లని గీత గీయించితిని; నెట్టు నడిమి యెత్తు అంతియే. అసలైన గీత అది కాదు. దానికి పైన, ఆరడుగుల దగ్గర, మార్కరును తలచుకొని బొగ్గుతో నేనే మరియొకటి గీసికొంటిని. మొదటిది తప్పు చూపు గీత, రెండవది గురి. ఆరడుగుల యెత్తున మెల్లగా కొట్టిన బంతి నడుము ఎత్తునకు వచ్చును. తెల్లగీతను రాచుకొనునట్టు బలముగా కొట్టినది కాళ్లలోనికి దూరును. గోడను పడమట కట్టించుటకు కారణము నేను ఆడునది ఉదయమున గనుక. సూర్యుడు వీపు మీద నుండును, బంతి మీద వెలుతురు పడును.

గోడ కంటె నేల ముఖ్యము. ఈ మాట గోడ కట్టించిన తరువాత తెలిసికొంటినని ఒప్పుకొనుటకు సిగ్గగుచున్నది. మా పెరటిలోనున్నవి కడప బండలు. వేసవిలో కాలును, వానలో పాచిపట్టును, బండకు బండకు నడుమ సందులో తగిలిన బంతి పాములాగ ప్రక్కకు పోవును. మా వయసున పడుట ఆటలో భాగము కాదు; తుంటి యెముక విరిగినవారి తరువాతి సంవత్సరములు ఎట్లుండునో మా వీథిలోనే ఇద్దరిని చూచితిని. బండలు తీయించి, గరుకు సిమెంటు నేల ఒక వైపు వాలుగా వేయించి, వాన వెలిసిన దినము ఆడరాదని నియమము పెట్టుకొంటిని. మిద్దెమీద గోడ కట్టుకొనవలెనని తలచువారికి ఒక్క మాట: బంతి వీథిలో పడుట చిన్న సంగతి, దానిని చూచుకొనుచు వెనుకకు నడచుట పెద్ద సంగతి. కళ్లజోడు గూర్చి కూడ చెప్పవలెను. దూరపుచూపునకును దగ్గరచూపునకును కలిపి చేసిన కళ్లజోడుతో ఆడినచో, తక్కువ యెత్తున వచ్చు బంతి అద్దము క్రిందిసగములో పడి మసకబారును. అడుగు ఎక్కడ వేయవలెనో కూడ తెలియదు. దూరపుచూపునకు మాత్రమే చేయించిన వేరు కళ్లజోడు ఆటకుంచుకొనుట మేలు. రాకెట్టుకు గట్టింగు వేయు కుర్రవానితో 50 పౌండ్లకు మించి బిగించవద్దనియు, గట్టి పాలియెస్టరు తీగ వద్దనియు చెప్పితిని. “మెత్తగా ఉంటే బంతి ఎగిరిపోద్ది సార్” అనెను. ఎగురనిమ్ము, గోడ పది అడుగులున్నది అంటిని.

ఇక బంతి. పిల్లలకు నేర్పుటకై అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య మూడు రకముల మెత్తని బంతులను గుర్తించినది. ఆకుపచ్చ చుక్క గలది మామూలు బంతికంటె నాలుగవ వంతు మందముగాను, నారింజరంగుది సగము మందముగాను, ఎరుపుది మరింత మందముగాను పోవును. పెట్టెమీద పిల్లల బొమ్మలు ముద్రించుటచేత మన పెద్దలెవ్వరును వానిని ముట్టరు. నేను ముట్టితిని. గోడకు ముప్పది అడుగుల దూరమున నిలిచి, ఆకుపచ్చ చుక్క బంతిని ఆరడుగుల గీత మీదికి కొట్టి, అది రెండు గెంతులు వేయునంతవరకు ఆగి, కాలు ముందుకు వేసి తిరిగి కొట్టినప్పుడు, గడియారము చెప్పిన లెక్క నిమిషమునకు ఇరువది. ఎదుట మనుష్యుడున్నప్పుడు వచ్చు లెక్కకు అది చాల దగ్గర. మార్కరు బ్రతికియున్నచో చూచి ఏమనియుండునో యని ఆ దినమంతయు తలచుకొంటిని.

వయసులో ఆడుట అనగా యౌవనపు ఆటను తక్కువ వేగముతో ఆడుట అని చాలమంది తలచెదరు. నా యభిప్రాయము వేరు. 1974లో కెన్ రోజ్‌వాల్ 39 యేండ్ల వయసున వింబుల్డన్ ఫైనలును అమెరికన్ ఓపెన్ ఫైనలును రెండింటిని చేరి, రెండింటను తనకంటె దాదాపు పదునెనిమిదేండ్లు చిన్నవాడైన జిమ్మీ కానర్స్ చేత ఓడినాడు. ఓటమి మాట అటుంచి, అంతవరకు ఆయనను తెచ్చినది బలము కాదు, ముందుగా అక్కడికి చేరి నిలుచుట. కొడగుకు చెందిన రోహన్ బోపన్న 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలుచునప్పటికి 43 యేండ్లవాడు. మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయినదనియు, అయ్యంగార్ యోగము తనను నిలబెట్టినదనియు తానే చెప్పినాడు. అంతకు ముందటి సంవత్సరము ఆ పోటీలోనే మన హైదరాబాదు సానియా మీర్జా తన కడపటి గ్రాండ్‌స్లామ్ ఫైనలు ఆడినది ఆయన ప్రక్కన నిలిచియే. వీరు ఉత్తములు, మనము వారి కాలిధూళికి సరిపోము. అయినను వారి దగ్గర నేర్చుకొనదగినది ఒకటి కలదు: దేనిని విడువవలెనో ముందుగా తెలిసికొనుట. నేను విడిచినవి చెప్పెదను: తల వెనుకకు పోవు బంతిని వెనుకకు పరుగెత్తి కొట్టుట, పూర్తి బలముతో సర్వీసు చేయుట, ఇరువది నిమిషములు దాటి గోడ దగ్గర నిలుచుట. మొదటిదానిలో గోడ మేలు చేసినది. అది లాబు వేయదు.

ఇంతవరకు గోడను పొగడితిని గనుక దానిలోని లోపము కూడ చెప్పవలెను. కోపెన్‌హేగన్ నగరములో 8,577 మందిని దాదాపు ఇరువదియైదు సంవత్సరములు గమనించి 2018లో ప్రచురించిన పరిశోధన యొకటి కలదు. ఏ వ్యాయామమును చేయనివారితో పోల్చినచో, టెన్నిస్ ఆడువారి ఆయుర్దాయము 9.7 సంవత్సరములు అధికముగా కనబడినది. బ్యాడ్మింటన్ ఆడువారికి 6.2, సైకిలు త్రొక్కువారికి 3.7, ఈదువారికి 3.4, పరుగెత్తువారికి 3.2. ఈ అంకెలను మా క్లబ్బు నోటీసుబోర్డు మీద ఎవరో అంటించిరి, చూచి అందరము పొంగిపోయితిమి. టెన్నిస్ ఆడువారు కలవారును చదువుకొన్నవారును అగుట కూడ ఇందులో కొంత పనిచేసియుండవచ్చును. ఆటయే కారణమని తాము తేల్చలేదని ఆ పరిశోధకులే హెచ్చరించిరి. నన్ను ఆలోచింపజేసినది మరియొకటి. పదిమందితో కూడి ఆడు ఆటలే ఎక్కువ ఆయుర్దాయముతో ముడిపడియున్నవనియు, మనుష్య సాంగత్యము ఇందుకొక కారణము కావచ్చుననియు వారు సూచించిరి. గోడ ఇచ్చునది బంతిని మాత్రమే. తెల్లవారుజామున కోర్టు ప్రక్కన బెంచీ మీద అల్లము టీ త్రాగుచు, ఎవరి బీపీ యెంత, ఎవరి అల్లుడు ఎక్కడ అని మాటాడుకొన్న ముప్పావుగంటను ఏ గోడయు ఇయ్యలేదు. ఆ విషయము గోడ కట్టించిన మూడవ నెలలోనే నాకు అర్థమైనది. అందుచేత ఇది ఇంటి గోడగా నుండుటకంటె వీథి గోడగా నుండుట మేలని తలచితిని. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము కూడ అదియే.

లెక్క చూడుడు. చుట్టును పరుగునకు కావలసిన ఖాళీతో కలిపి ఒక టెన్నిస్ కోర్టుకు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉండవలెనని వాడుక. అనగా 800 గజములు, మన లెక్కలో పదహారున్నర సెంట్లు. ఇప్పటి ధరలకు ఏ కాలనీవారు అంత స్థలమును నలుగురు ఆడు ఆటకు విడిచిపెట్టుదురు? విడువుమని అడుగుటయు న్యాయము కాదు. గోడయెదుట ఆడుటకు కావలసినది 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు: 80 గజములు, సరిగా పదవ వంతు. మన పట్టణముల పార్కులలో ఓపెన్ జిమ్ము పేరిట పాతిన ఇనుపయంత్రములను చూచితిమి. ప్రారంభోత్సవము నాడు ఫొటోలు, సంవత్సరము తిరుగులోపల తుప్పు, పిమ్మట పిల్లలకు వ్రేళ్లు నలుగుట. వాని ప్రక్కనే తొమ్మిదంగుళముల గోడయొకటి కట్టినచో దానికి నూనె వేయనక్కరలేదు, నట్లు బిగించనక్కరలేదు, దొంగ ఎత్తుకొనిపోలేడు. అమెరికా, ఆస్ట్రేలియాలకు పిల్లల దగ్గరకు పోయి వచ్చినవారు అక్కడి పార్కులలో కోర్టుల ప్రక్క ఇట్టి గోడలను చూచియే యుందురు. చూచివచ్చి అక్కడి రోడ్లను, నిశ్శబ్దమును వర్ణించెదరే గాని గోడను వర్ణించినవారిని నేను వినలేదు. అపార్టుమెంటు సంఘములవారు వాచ్‌మన్ గది వెనుకనున్న ఖాళీగోడను ఒక్కసారి చూడవలెను. అది తొమ్మిదంగుళములదా, నాలుగున్నరదా అని మాత్రము ముందు తట్టి చూచుకొనవలెను.

మా గోడ దగ్గరకు ఇప్పుడు పిన్నిగారి మనుమడు వచ్చుచున్నాడు. తొమ్మిదేండ్లవాడు. వానికొక దెబ్బ, నాకొక దెబ్బ. వానికి ఒక గెంతు, నాకు రెండు. మొదట ఒప్పుకొనలేదు. “రెండు గెంతులంటే మోసం తాతగారూ” అని మూడు దినములు అలిగెను. నాలుగవ దినము తానే రెండు గెంతులకు ఆగి కొట్టి, బంతి ఆరడుగుల గీతకు తగులుటచూచి నావైపు తిరిగెను గాని ఏమియు అనలేదు, నేనును అనలేదు. మేము ఆడుచుండగా మొన్న ఒకనాడు అవతలినుండి పిన్నిగారి గొంతు వినబడెను. “అన్నయ్యగారూ, మీ కొత్తగోడ వెనక ఒక మేకు కొట్టుకోమంటారా? పాతదానికి ఇంకేమీ నిలబడట్లేదండి.” కొట్టుకొనుమంటిని. చేట తగిలించుకొనిరి. ఆ సాయంకాలము గోడ వెనుకకు పోయి నిలిచి, పిల్లవానిని ఉన్న బలమంతయు పెట్టి కొట్టుమని కేకవేసితిని. బంతి తగిలిన చప్పుడు వినబడెను. చేట కదలలేదు.